బండికి ఊపిరి గొట్టం

నవంబరు 3, సోమవారం

ఈ డైరీ ఎవరికీ చూపించను. జనవరిలో పార్టీ ఆఫీసులో కేలెండరుతో పాటు ఇచ్చారు. మొదటి పేజీలో మా నియోజకవర్గం పెద్దాయన ఫొటో, తర్వాత పది నెలలు ఖాళీ. ఇప్పుడు అవసరం పడింది. పంచాయతీ ఎన్నికలు వస్తాయంటున్నారు. రేపు "సర్పంచి చిట్టిబాబు గారూ, మీ ప్రస్థానం ఎక్కడ మొదలైందండీ" అని ఎవరైనా అడిగితే తడుముకోకూడదు కదా.

మొదలైంది ఇవాళే. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత విప్పినప్పుడు.

బండి నాన్నది. మూడొందల యాభై సీసీ, పాతది. మూత విప్పితే లోపలి కాగితం ఫిల్టరు నూనెలో ముంచి తీసిన అప్పడంలా ఉంది. ఇంజను అడుగు గదిలో పుట్టే ఆవిరి, దాంతో కలిసొచ్చే నూనె తుంపర ఒక గొట్టంలోంచి ఈ డబ్బాలోకే వస్తాయట. అంటే ఇంజను తను వదిలిన ఊపిరి మళ్లీ తనే పీలుస్తోంది. వీడియోలో చెప్పారు. ఆ గొట్టాన్ని బయటికి లాగి చివర ఒక చిన్న ఫిల్టరు బిగిస్తే చాలట. బొటనవేలికంటే కాస్త పెద్దది. నలుపు, నీలం, ఎరుపు ఉన్నాయి.

కమలకి చూపించాలంటే జీడితోట దాకా నడవాల్సి వచ్చింది. కలుపు తీయిస్తోంది. ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ఇప్పుడు బండి నడవట్లేదేటండీ?"

"నడుస్తోంది."

"మరింకేటి?"

ఈ ఇంట్లో దూరదృష్టి ఉన్నవాణ్ని నేనొక్కణ్నే.

నవంబరు 5, బుధవారం

పలాస వెళ్లి కాశీబుగ్గలో కొన్నాను. షాపాయన నల్లది తీశాడు. మాసినా తెలియదండీ అన్నాడు. తెలియనిది పెట్టుకుని ఏం లాభం? ఎర్రది తెచ్చాను.

నవంబరు 6, గురువారం

భావనపాడు వెళ్లాను. హార్బరు పక్కన అనిత షెడ్డు ఉంది. పడవ ఇంజన్లు బాగుచేస్తుంది, బళ్లు కూడా చేస్తుంది. తండ్రి తవిటయ్య దగ్గర నేర్చుకున్న పని. తవిటయ్యవాళ్లది అసలు వజ్రపుకొత్తూరు పక్క. కిడ్నీలు పోయాక వేట మానేశాడు. వారానికి మూడు రోజులు ఆటోలో టెక్కలి వెళ్లి డయాలసిస్ చేయించుకొస్తాడు. షెడ్డు ముందు వలల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఎడంచేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. సూదులు అక్కడే గుచ్చుతారట. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు.

అనిత చెయ్యి తుడుచుకుని ఫిల్టరు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎక్కడ పెట్టమంటారు బాబూ?"

బండి కుడిపక్కన, వెనక చక్రానికి కొంచెం ముందు చూపించాను. రోడ్డు మీద ఎవరు నిలబడినా ముందు అదే కనపడుతుంది.

"అక్కడొద్దు. గొట్టం ఇంజను కాడి నుంచి పైకెల్లాల. సీటు కింద ఎంత ఎత్తులో పడితే అంత ఎత్తులో. అలగయితే నూనె సుక్క ఎక్కినా తిరిగి ఇంజన్లోకే జారిపోద్ది. కిందకి దింపితే ఆ సుక్కలన్నీ ఫిల్టర్లో కూడతాయి. ఆటినుంచి ఎక్కడికి కారతాయి? టైరు మీదకి."

"వీడియోలో కిందే పెట్టారు."

"ఏ ఊర్లో తీసినారా వీడియో?"

నాకు తెలియదు. హిందీలో ఉంది.

"ఇది సముద్రం పక్క బాబూ. ఇసక, ఉప్పుగాలి. నూనె తడికి ఇసక అంటుకున్నాదంటే ఫిల్టరు గోడలాగ బిగిసిపోద్ది. పది దినాలకోపాలి పెట్రోలుతో కడిగి, బాగా ఆరబెట్టి పెట్టుకోవాల. మూసుకుపోనాదనుకోండి, లోపల ఆవిరికి దారి నేక సీళ్లు తన్నేత్తాది. నూనంతా బయటే."

"సీటు కింద పెడితే ఎవరికి కనపడుతుంది?"

అనిత నా వైపు చూసింది.

"ఇది ఇంజనుకా బాబూ, ఊరికా?"

వలల మీంచి తవిటయ్య నవ్వాడు. పెద్దవాడు, రోగిష్టి, ఏమీ అనలేదు నేను.

"నాను పెడితే పైనే పెడతాను. కిందయితే పెట్టను" అనేసింది.

వీడియోలంటే మెకానిక్కులకి భయం. జనం అన్నీ సొంతంగా నేర్చేసుకుంటే వాళ్లకి పనేముంటుంది.

నవంబరు 7, శుక్రవారం

నేనే పెట్టాను. నాలుగు గంటలు పట్టింది. గొట్టానికి ఏదో ప్రత్యేకమైన రబ్బరు వాడమన్నారు గానీ, ప్రహరీ కట్టినప్పుడు మేస్త్రీ నీళ్లమట్టం చూసుకున్న ప్లాస్టిక్ పైపు ఇంట్లోనే ఉంది. అద్దంలా ఉంటుంది. నూనె కదలిక కంటికి కనపడుతుంది, శాస్త్రీయం. ఎయిర్ డబ్బాలో ఖాళీ అయిన కన్నానికి సెల్లోటేపు అంటించాను. అంతా బిగించాక రెండు బోల్టులు మిగిలాయి. కంపెనీవాళ్లు ఎప్పుడూ కొన్ని ఎక్కువే పెడతారు.

ఫొటో తీసి 'తూరుపు తీరం రైడర్స్' గ్రూపులో పెట్టాను. మేము పదకొండుమంది, అధ్యక్షుణ్ని నేను. తొమ్మిది నమస్కారాలు వచ్చాయి.

నవంబరు 8, శనివారం

ఇంజను శబ్దం మారింది. హాయిగా ఉంది. కమల తేడా ఏమీ లేదంటోంది.

నవంబరు 11, మంగళవారం

పోర్టికోలో బండి కింద నల్లటి మరకలు. గారెలంత. ఆలోచిస్తే తెలిసింది, మొన్నటి వానలకి నేల తేమెక్కి పైకి ఊరుతోంది.

కమల వంగి వేలితో తాకి వాసన చూసింది. "తేమకి ఈ వాసనేటండీ?"

"ఇంజను లోపలి మురికి వదిలించుకుంటోంది. మంచి లక్షణం."

ఆమె లోపలికి వెళ్లి ఫ్రిజ్ అట్టపెట్టె చింపి తెచ్చి బండి కింద పరిచింది. వాదనకి దిగదు కమల. అట్ట పరుస్తుంది.

నూనెమట్టం చూస్తే తగ్గింది. గీత దాటి కొంచెం ఎక్కువే పోశాను. ఉండనీ.

నవంబరు 16, ఆదివారం

ఇవాళ క్లబ్బులో తొమ్మిది బళ్లకి పెట్టాను! టెక్కలిలో నా బావమరిది ప్రదీప్ ఇంటి పెరట్లో. మొదట ప్రదీప్ బండికే. "బావా, నువ్వుండగా మెకానిక్కెందుకు" అన్నాడు. పైపు చుట్ట కొత్తది కొనుక్కొచ్చాం, నాది లాంటిదే. దీనికి 'చిట్టిబాబు ఫిట్టింగు' అని పేరు పడింది. ముందు నేనన్నాను, తర్వాత వాళ్లూ అన్నారు.

ఒకతను మాత్రం అడిగాడు. "గొట్టం పైకి ఉండాలంటారు కదండీ?"

"ఎవరంటారు?"

"మా ఊళ్లో మెకానిక్కు."

నిదానంగా వివరించాను. వేడిగాలి పైకి పోతుంది, నూనె కిందికి పోతుంది, రెండూ వేటి దారిన అవి పోవాలంటే గొట్టం కిందికే ఉండాలి. చప్పట్లు కొట్టారు. వివరిస్తున్నంతసేపూ నాకు కూడా అర్థమైనట్టే ఉంది.

నవంబరు 18, మంగళవారం

పెద్దాయన పిలిచారు. నియోజకవర్గంలో మనవాళ్లు జనంలో కనపడట్లేదన్నారు. బైక్ ర్యాలీ తీస్తానన్నాను. దేని మీద అన్నారు. ఉద్దానం కిడ్నీ వ్యాధి మీద అవగాహన అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఏసీ గాలికి అయ్యుంటుంది, అయినా తుడుచుకున్నారు.

ముందు వజ్రపుకొత్తూరు వైపు అనుకున్నాం. రోగులు అక్కడే ఎక్కువ. అయితే పెద్దాయన, "మధ్యాహ్నం భోజనం ఎక్కడ?" అని అడిగారు. భావనపాడులో రొయ్యలు బాగుంటాయని ఎవరో అన్నారు. ర్యాలీ భావనపాడు వెళ్తుంది. శనివారం.

నినాదం నాదే. 'నీళ్లు తాగు, కిడ్నీ బాగు.'

నవంబరు 21, శుక్రవారం

ఫిల్టరు తుడిచాను. ఎర్రగా మెరుస్తోంది. పది రోజులకోసారి లోపల కడగాలంది అనిత. రెండు వారాలైంది. ర్యాలీ అయ్యాక చూద్దాం. లోపల ఎవరు చూస్తారు.

నవంబరు 22, శనివారం

ర్యాలీ విజయవంతం. కుడిచేతికి కట్టు కట్టారు, ఎడంచేత్తో రాస్తున్నాను. ఇవాళ ఇంతే.

నవంబరు 23, ఆదివారం

పేపర్లో వచ్చింది. విలేకరి సీతారాం మాట నిలబెట్టుకున్నాడు. 'మేకను తప్పించబోయి గాయపడిన యువనేత.' నాకు నలభై ఎనిమిది. అయినా యువనేత అనే వేశాడు. కింద చిన్న అక్షరాల్లో, డయాలసిస్‌కి ఆలస్యమవుతున్న మత్స్యకారుణ్ని స్వయంగా తన బండి మీద తీసుకెళ్తూ, తెల్లటి మేకపిల్ల హఠాత్తుగా అడ్డు రాగా మూగజీవి ప్రాణం కాపాడబోయి, అని ఉంది. నాలుగుసార్లు చదివాను.

మేక సంగతి నేనే చెప్పాను. ఆ వేగంలో ఏదో ఒకటి అడ్డొచ్చే ఉంటుంది.

నవంబరు 24, సోమవారం

పొద్దున్న టిఫిను పెడుతూ కమల అడిగింది. "ఏ రంగు మేకండీ?"

"నలుపు."

ఆమె ఇంకో ఇడ్లీ వేసి వెళ్లిపోయింది. నేను పేపరు నాలుగుసార్లు చదివాను కదా, అందులో తెలుపని ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

ఇక్కడైనా రాయాలి.

శనివారం తొమ్మిదింటికి టెక్కలిలో బయల్దేరాం. పదకొండు బళ్లు, పెద్దాయన కారు, పాటలు పెట్టే ఆటో. నౌపడ దాటాక ఉప్పుమళ్ల మధ్య రోడ్డు బాగుంటుంది, ఫొటోలకి బళ్లు అడ్డంగా నిలిపాం. వెనక ఒక ఖాళీ ఆటో హారను కొట్టి కొట్టి విసిగించింది. "కిడ్నీ ర్యాలీ అండీ, రెండు నిమిషాలు" అని ప్రదీప్ సర్దిచెప్పాడు. అరగంట అయింది. ఆ ఆటో తవిటయ్యని డయాలసిస్‌కి తీసుకెళ్లడానికి వస్తున్న ఆటో అని మాకెవరికీ తెలియదు. అడగలేదు.

భావనపాడు చేరాక డేరా రోడ్డు మీదే వేశారు. పక్కన ఎండుచేపలు ఆరబోసి ఉన్నాయి, ఇంకెక్కడా చోటు లేదు. పెద్దాయన నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత నేను మైకు తీసుకుని నినాదం చెప్పించాను. 'నీళ్లు తాగు' అని నేనంటే 'కిడ్నీ బాగు' అని వాళ్లనాలి.

ముందు వరసలో ఒకావిడ లేచింది. తవిటయ్య భార్య కన్నమ్మ.

"ఏ నీళ్లు తాగమంటారు బాబూ?"

"మంచినీళ్లమ్మా."

"అదే, ఏటి మంచినీళ్లు? బోరుయా, ట్యాంకరుయా? మా ఊర్లో బోరు నీళ్లు తాగే మా ఆయనకి ఇలగయినాదని కొందరంటారు, కాదని కొందరంటారు. మీకు తెలిస్తే సెప్పండి, అయ్యే తాగుతాం."

మైకు కీచుమంది. నేనే దగ్గరగా పట్టుకున్నాను.

"పోన్లెండి" అంది ఆవిడ. "మా ఆయనకి పన్నెండింటికి మిషను. మీ డేరా కట్టీసరికి, ఇంటికాడికొచ్చిన ఆటో హార్బరు పక్కే ఉండిపోనాది. డేరా ఓపాలి ఇప్పితే ఎల్లిపోతాం."

అప్పటికి పదకొండున్నర. పెద్దాయన నా వైపు చూశారు. సీతారాం కెమెరా ఎత్తాడు.

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

ఎక్కణ్నుంచో అనిత వచ్చింది. బండి దగ్గర వంగి వెనక టైరు మీద చెయ్యి పెట్టింది. వేళ్లు నల్లగా అయ్యాయి. "బాబూ, ఈ బండి మీద ఒద్దు. డేరా ఇప్పండి, ఆటోలో ఎల్తాడు."

"చిట్టిబాబు తీసుకెళ్తానంటున్నాడు కదమ్మా" అన్నారు పెద్దాయన. రొయ్యలు అప్పటికే వడ్డిస్తున్నారు.

"అయ్యా, ఆ టైరు సూడండి."

"ఆలీసమైపోతంది, ఎల్లిపోదాం బాబూ" అని తవిటయ్యే నా వెనక ఎక్కాడు.

స్టార్టు చేసేటప్పుడు కిందికి చూశాను. ఆ పైపు అద్దంలా లేదు. నల్లబడి, వేడికి మెత్తబడి, మధ్యలో నొక్కుకుపోయి ఉంది. ఫిల్టరు చుట్టూ ఇసక పిండిలా అంటుకుని ఉంది. చూశాను. చూసీ గేరు వేశాను. సీతారాం ఫొటో తీస్తున్నాడు.

ఉప్పుమళ్ల మలుపు దగ్గర ఇంజను అడుగునుంచి ఏదో ఉఫ్‌మని వదిలినట్టయింది. సీలు పోయింది. వెనక చక్రం కిందనుంచి రోడ్డు ఎవరో లాగేసినట్టు బండి పక్కకి జారింది. నేను కుడిచేతి మీద పడ్డాను. లేచి చూస్తే తవిటయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడంచేతిని కుడిచేత్తో గుండెలకి హత్తుకుని ఉన్నాడు, పసిపిల్లని పట్టుకున్నట్టు. వీపు గీరుకుపోయింది, చెవి దగ్గర రక్తం. ఆ చెయ్యి మాత్రం నేలకి తగలనివ్వలేదు.

చుట్టూ తెల్లటి ఉప్పుమళ్లు. కనుచూపుమేరలో ఏ జంతువూ లేదు.

ఐదు నిమిషాల్లో ఆటో వచ్చింది. డేరా తాళ్లు అనితే కోసేసిందట. దిగి ముందు తండ్రి చేతి మీద వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. ఆ ఉబ్బిన నరం లోపల రక్తం పారుతున్న అదురు తెలియాలట. అది ఆగితే ఆ చెయ్యి ఇక పనికిరాదు. సూదులు గుచ్చడానికి కొత్త చోటు వెతకాలి, అది దొరికేదాకా ఎన్నాళ్లు పడుతుందో తెలియదు.

"కొట్టుకుంటంది" అంది. ఆ మాట తండ్రితో అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గంటన్నర ఆలస్యంగా మిషను మీద పడుకోబెట్టారట. సాయంత్రానికి ఇంటికి చేరాడు. సీతారాం ఫోను చేసి ఏం జరిగిందన్నాడు. మేక అన్నాను.

నవంబరు 26, బుధవారం

పెద్దాయన ఫోను. "మూగజీవి మీద ప్రేమ ఉన్నవాడికి మనుషుల మీద లేకుండా ఉంటుందా" అన్నారు. జిల్లాలో జీవకారుణ్య సంఘంవాళ్లు సన్మానం చేస్తారట. శాలువా రంగు అడిగారు.

మధ్యాహ్నం నౌపడ నుంచి ఇద్దరు వచ్చారు. ఆ మేక నాదంటే నాదని గుమ్మంలోనే వాదించుకున్నారు. "ఆ దినం నుంచి మేత ముట్టట్లేదు బాబూ, జడిసిపోనాది" అన్నాడొకడు. రెండోవాడు, తన మేక కూడా అంతేనన్నాడు. కమల ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి పంపింది.

పేపర్లో ఇవాళ తవిటయ్య మాట కూడా వేశారు. 'మేకే అడ్డొచ్చినాది. బాబు తప్పేటీ నేదు.'

ఆయన నా వెనకే కూర్చున్నాడు. ఆయనకి నిజంగానే కనపడిందేమో.

నవంబరు 28, శుక్రవారం

ప్రదీప్ ఫోను చేశాడు. "బావా, ఆదివారం శ్రీకూర్మం వెళ్తన్నాం. ఐశ్వర్య వెనక, పావని ముందు ట్యాంకు మీద. నీ ఫిట్టింగు పెట్టాక బండి గాల్లో తేలిపోతంది."

ఐశ్వర్య వాడి భార్య. వాళ్ల పాప పావనికి ఐదేళ్లు.

"జాగ్రత్త" అన్నాను.

నవంబరు 29, శనివారం

జాగ్రత్త అని చెప్పాను కదా.

నవంబరు 30, ఆదివారం

ఏడింటికి టీ గ్లాసు పట్టుకుని తాగలేకపోయాను. ప్రదీప్‌కి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఐశ్వర్యదీ ఎత్తలేదు. బయల్దేరిపోయారు.

కమల పెరట్లో కొబ్బరి కాయలు ఎంచుతోంది. వెళ్లి నిలబడ్డాను.

"మేక లేదు" అన్నాను.

"తెలుసు."

"టైరు మీదకి నూనె కారింది. ప్రదీప్ బండికీ అలాగే పెట్టాను. పాప ట్యాంకు మీద ఉంది."

ఆమె చేతిలో కాయ కింద పడేసింది. స్కూటీ తీసింది. నా చేతికి కట్టు, నేను వెనక కూర్చున్నాను. కమల ఇంత వేగంగా నడుపుతుందని నాకు తెలియదు. పదేళ్లుగా తోటకి, సంతకి ఆమే నడుపుకుంటోంది. ఎప్పుడైనా వెనక ఎక్కితే కదా తెలిసేది.

కోటబొమ్మాళి దాటాక హైవే పక్కన టీబడ్డీ దగ్గర కనపడ్డారు. ప్రదీప్ టీ తాగుతున్నాడు. పావని ట్యాంకు మీదే కూర్చుని బిస్కత్తు నములుతోంది.

దిగి నేరుగా వెనక టైరు దగ్గరికి వెళ్లి వేలితో రాశాను. నల్లగా అంటుకుంది. ఆ వేలు ప్రదీప్‌కి చూపించాను.

"ఏటి బావా ఇది?"

"నూనె. నేను పెట్టిన ఫిట్టింగు తప్పు. గొట్టం కిందికి పెట్టకూడదు. ఆ రోజు నేను పడింది దీనివల్లే."

"మరి మేకో?"

"మేక లేదు."

టీబడ్డీ దగ్గర ఆరేడుగురు ఉన్నారు. అందులో ఒకాయన, "మీరేనా ఆ మేకబాబు?" అని అడిగాడు. అవునన్నాను. "మరి లేదంటున్నారు?" అన్నాడు. లేదని మళ్లీ చెప్పాను. మూడోసారి ఇంకొకరికి చెప్పాను. మొదటిసారి కష్టంగా ఉంది. మూడోసారి కూడా కష్టంగానే ఉంది.

ఐశ్వర్య వచ్చి పావనిని ట్యాంకు మీంచి ఎత్తుకుంది. దించలేదు, ఎత్తుకునే నిలబడింది.

"అన్నయ్యా, ఇంకెంతమందికి పెట్టారు?"

"ఎనిమిది."

"వాళ్లకి చెప్పారా?"

వాళ్లు బస్సెక్కారు. ప్రదీప్ బండి తోసుకుంటూ వెనక్కి తీసుకెళ్లాడు. నాతో మాట్లాడలేదు. అక్కడే బడ్డీ బెంచీ మీద కూర్చుని ఎనిమిదిమందికీ ఫోన్లు చేశాను. కమల పక్కన నిలబడి ఒక్కో పేరూ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఏడు అయ్యాక, ఎనిమిదోవాడు ఎత్తట్లేదు రేపు చేద్దాం అన్నాను. "ఇప్పుడు" అంది.

డిసెంబరు 2, మంగళవారం

గ్రూపులో అంతా రాసి పెట్టాను. ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకతను, "చప్పట్లు వెనక్కి ఇచ్చేయండి" అని రాశాడు. ఇంకొకతను, మేకకి న్యాయం జరగాలని రాశాడు.

సీతారాం సవరణ వేయనన్నాడు. నిజానికి చోటు లేదట, ఆ రోజు ప్రకటనలు ఎక్కువట.

పెద్దాయన ఫోను చేశారు. కోపంగా లేరు. "నిజం చెప్పడానికీ ఒక సమయం ఉంటుంది చిట్టిబాబూ" అన్నారు. ఎప్పుడండీ అని అడిగాను. "ఎన్నికలయ్యాక." శాలువా సంగతి ఎత్తలేదు.

డిసెంబరు 5, శుక్రవారం

మా పంచాయతీ ఈసారి మహిళలకి వస్తుందని మాట. నెలరోజుల నా ప్రస్థానం ఒక్క ముక్కతో పోయింది. గంటలోపే పెద్దాయన మళ్లీ ఫోను చేశారు. చెల్లెమ్మని నిలబెడదామన్నారు. అన్నీ నువ్వే చూసుకోవచ్చు, ఆమె సంతకం పెడితే చాలు అన్నారు.

స్పీకరు ఆన్‌లో ఉంది. కమల ఫోను తీసుకుంది.

"రోడ్డు మీద డేరాలు వేయడం మానేస్తామంటే ఆలోచిస్తానండి. సంతకం మాత్రం చదివే పెడతాను."

అవతల సిగ్నలు లేదన్నారు. మళ్లీ చేస్తానన్నారు. చేయలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు, జీడిపిక్కల బస్తాలు కుట్టిస్తోంది.

డిసెంబరు 7, ఆదివారం

తొమ్మిది బళ్లూ భావనపాడు చేరాయి. నాది షెడ్డు మూలన అప్పటికే విప్పి ఉంది. గ్రూపులోంచి వెళ్లిపోయిన ముగ్గురూ కూడా వచ్చారు. నాతో మాట్లాడలేదు, బళ్లు మాత్రం దింపారు. ప్రదీప్ వచ్చి "ఏం బావా" అన్నాడు. అంతవరకు చాలు.

అనిత నన్ను నేల మీద కూర్చోబెట్టింది. కట్టు విప్పలేదు కాబట్టి ఎడంచేత్తోనే పని. ప్లాస్టిక్ పైపు పీకడం, టైరు సబ్బునీళ్లతో మూడుసార్లు కడగడం, ఎయిర్ డబ్బా కన్నానికి రబ్బరు మూత బిగించడం నా వంతు. పడవ ఇంజన్లకి వాడే నల్ల రబ్బరు గొట్టం కొలిచి, సీటు కిందికి మలుపు లేకుండా ఎక్కించడం ఆమె వంతు. ఫిల్టర్లు పెట్రోల్లో వేస్తే గిన్నె అడుగున ఇసక కూడింది. పెరుగన్నంలో కలిపేంత ఉప్పు కూడా ఉందని ఎవరో అన్నారు. నవ్వాం. నేను కూడా.

తవిటయ్య వలల మీద కూర్చుని చూస్తున్నాడు. చెవి దగ్గర గాయం ఎండి నల్లబడింది. కన్నమ్మ అందరికీ టీ ఇచ్చింది, నాకూ ఇచ్చింది. ఆవిడ ముఖంలోకి చూడలేక గ్లాసులోకి చూశాను.

పొద్దున్నుంచీ అడగాలనుకుంటున్నది మధ్యాహ్నానికి అడిగాను.

"తవిటయ్యా, మేక లేదని నీకు తెలుసు కదా. విలేకరికి అలా ఎందుకు చెప్పావు?"

"నీ ఎనకాలే కూకున్నాను కదేటి బాబూ. తెలీకేటి."

"నా పరువు పోతుందనా?"

ఆయన నవ్వాడు. ఆ రోజు షెడ్డులో నవ్విన నవ్వు కాదు. ఇది కొంచెం జాలి నవ్వు.

"నీ పరువుతో నాకేటి పని బాబూ. నాకు వారానికి మూడుపాలులు టెక్కలి ఎల్లాల. ఆటో రాని దినాలుంటాయి. రోడ్డు మీద నిలబడి ఎవుడో ఒకడి బండి సెయ్యెత్తి ఆపాల. తవిటయ్యని ఎక్కించుకుంటే బండి పడిపోనాది, పేపర్లో పేరొచ్చినాది, గొడవైనాది అని తెలిస్తే రేపు ఎవుడు ఆపుతాడు? మేక అడ్డొచ్చినాదంటే ఎవుడికీ ఏటీ అనిపించదు. ఆపుతారు."

టీ చల్లారిపోయింది.

"బాబూ, ఆ క్లిప్పు ఇలగ అందియ్యండి" అంది అనిత, బండి కిందనుంచి చెయ్యి చాపి.

అందించాను. ఇంకా ఆరు బళ్లున్నాయి.